తీగ ఎక్కడిదాకా వచ్చింది?

టెలివిజన్ మీద మన పత్రికల్లో నలభై ఏళ్లుగా వచ్చిన విమర్శను వరసపెట్టి చదివితే ఒక విషయం తేటపడుతుంది. మనం తెరను విమర్శించాం. తెర మీద కనిపించే నగల్ని, అత్తల క్రౌర్యాన్ని, పురాణాల పునరుద్ధరణను, వ్యాపార ప్రకటనల్ని విమర్శించాం. ఆ పని అవసరమైనదే, దాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. కాని ఆ తెర గదిలో ఏ మూల ఉంది, దాని ముందు ఎవరు కూర్చున్నారు, ఎవరు గుమ్మంలో నిలబడ్డారు, ఎవరు చూడకుండా వింటూ పనిచేశారు అనే ప్రశ్నలు మన విమర్శలో దాదాపు లేవు. సినిమాహాలు గురించి మాట్లాడేటప్పుడు నేల, బెంచీ, కుర్చీ అని తరగతుల లెక్క చెప్పే మనం టెలివిజన్ దగ్గరికి వచ్చేసరికి ‘ప్రేక్షకుడు’ అనే ఒక నిరాకారుణ్ణి కల్పించుకున్నాం. ఆయనకు ఊరు లేదు, ఇల్లు లేదు, చేతిలో పనిలేదు.

ఈ ప్రశ్నలకు జవాబు తెరలో దొరకదు. తీగలో దొరుకుతుంది. డిష్ నుంచి దిగిన తీగను గదిలో ఒక పక్కనుంచి మరో పక్కకు పొడిగించడం ఎంత చిన్న పనో అందరికీ తెలుసు. పది గజాల నల్లతీగ, ఒక జాయింటరు, గోడకు కొట్టే డజను క్లిప్పులు. దీనితో సాహిత్య విద్యార్థులకు ఏం సంబంధమని అడగవచ్చు. తీగ ఎంతవరకు వస్తుందో అంతవరకే తెర వస్తుంది. తెర ఎక్కడ ఆగుతుందో అక్కడ ఒక సమూహం ఏర్పడుతుంది, మరొక సమూహం దూరమవుతుంది. ఈ తీగ నడక ఒక సామాజిక చరిత్ర. దాన్ని కొంతవరకైనా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఈ తీగకు మూలపురుషుడు ఆలివర్ హెవిసైడ్ అనే ఆంగ్లేయుడు. తంతి కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి, పెద్ద చదువులు లేకుండా సొంతంగా గణితం నేర్చుకున్నవాడు. నడుమ ఒక వాహకం, దాని చుట్టూ విద్యుత్తు పారని పొర, ఆ పొర చుట్టూ గొట్టంలాగా మరో వాహకం. ఈ నిర్మాణానికి ఆయన 1880లో పేటెంటు తీసుకున్నాడు. బయటి అలజడి లోపలికి రాకుండా, లోపలి సంకేతం బయటికి కారిపోకుండా చేసే ఉపాయమిది. టెలివిజన్‌కు దీని అవసరం ఇంటింటి స్థాయిలో ఏర్పడింది తర్వాత దాదాపు డెబ్బయ్యేళ్లకు, అమెరికా కొండప్రాంతాల్లో. టెలివిజన్ తరంగం వెలుతురులాగా దాదాపు సూటిగా పోతుంది. కొండ అడ్డం వస్తే ఆగుతుంది. ఆరెగాన్ రాష్ట్రంలోని ఆస్టోరియా అనే ఊళ్లో ఎడ్ పార్సన్స్ అనే రేడియో వ్యాపారి 1948లో ఎదురుగా ఉన్న హోటలు కప్పు మీద యాంటెన్నా పెట్టి, రెండు వందల కిలోమీటర్ల దూరంలోని సియాటిల్ ప్రసారాన్ని పట్టి, తీగమీద తన ఇంట్లోకి తెచ్చుకున్నాడు. చూడ్డానికి జనం విరగబడ్డారు. ఇంట్లో మసలడానికి చోటు లేక ఆయన ఆ తీగను హోటలు వసారాలోకి, అక్కడినుంచి వీధిలోని సంగీత వాద్యాల దుకాణంలోకి పొడిగించాడు. అనగా చరిత్రలో తొలినాటి తీగ పొడిగింపుల్లో ఒకటి జరిగింది పదిమందిని కూర్చోబెట్టడానికి. రెండేళ్లకు, 1950లో, పెన్సిల్వేనియాలోని లాన్స్‌ఫర్డ్ అనే బొగ్గుగనుల ఊళ్లో టీవీలు అమ్ముకునే రాబర్ట్ టార్ల్టన్ కొండకొమ్మున ఒక్క యాంటెన్నా నిలిపి, ఇంటింటికీ తీగ లాగి, నెలనెలా రుసుం వసూలు చెయ్యడం మొదలుపెట్టాడు. లోయలో ఉండి తమ ఇంటి కప్పుమీది నుంచి ఏమీ పట్టలేని గని కార్మికులు ఆయన ఖాతాదారులు. ఉమ్మడి అవసరంగా పుట్టిన తీగ అద్దె రాబట్టే సాధనంగా మారడానికి రెండేళ్లు కూడా పట్టలేదన్నది గమనించదగ్గ విషయం.

మన దగ్గర ఈ కథ తలకిందులుగా మొదలయింది. ఉపగ్రహం ముందు వచ్చింది, ఇంటి తీగ తర్వాత వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా సరిగ్గా ఒక్క ఏడాది, అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు, మొత్తం రోజుకు నాలుగు గంటలు. కోళ్లగూటికి కొట్టే జాలీ వంటి ఇనుప వలతో చేసిన, మూడు మీటర్ల అడ్డుకొలత గల గొడుగు, దాని కింద పెట్టె, అక్కడినుంచి లోపలి సెట్టుకు కాస్తంత తీగ. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలమీద నడిపించారు. సెట్టు పెట్టింది బడిలోనో, పంచాయతీ కార్యాలయంలోనో, ఏదో ఒక ఉమ్మడి చోట.

ఈ ప్రయోగాన్ని పొగిడేవాళ్లు దాని శాస్త్రీయ విజయాన్ని చెబుతారు. తెగిడేవాళ్లు అది ఎమర్జెన్సీ కాలంలో జరిగిందని గుర్తుచేస్తారు. రెండూ నిజాలే. నేను మూడో సంగతి చెప్పదలచుకున్నాను. ఆ తీగ పొట్టిది. గొడుగునుంచి సెట్టుదాకా, అంతే. ఎవరి ఇంట్లోకీ అది పోలేదు, పోవడానికి వీల్లేదు. చూడాలనుకున్నవాళ్లు, ఊళ్లో ఏ వాడవాళ్లయినా, తీగ ఉన్న చోటికి రావలసిందే. వచ్చినవాళ్లు ఎక్కడెక్కడ కూర్చున్నారన్నది ఆ ఊరి కులవ్యవస్థ నిర్ణయించిన విషయం. పంచాయతీ అరుగు అందరి పేరు మీద ఉన్నంతమాత్రాన అందరిదీ కాదని మన కథకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా తెర ఒక్కటే, దాని చుట్టూ ఊరు. ఏడాది తిరగ్గానే అమెరికా తన ఉపగ్రహాన్ని తీసుకుపోయింది. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలయింది, కాని దాని ప్రసారం నేలమీది గోపురంనుంచి.

తర్వాతి అధ్యాయం మన తరంవాళ్లకు బాగా తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1982 ఆగస్టు 15న రంగులూ జాతీయ కార్యక్రమమూ వచ్చాయి. 1983లో ఇన్సాట్-1బి పైకి పోయింది. 1984లో కొన్ని నెలలపాటు రోజుకొకటి చొప్పున కొత్త ట్రాన్స్‌మిటర్లు వెలిశాయి. ఇంటికప్పు మీద వెదురుకర్రకు కట్టిన అల్యూమినియం యాంటెన్నా, దానినుంచి కిటికీ సందులోంచి దిగే చదును తీగ. ఆ కిటికీ ఏ గదిదో టీవీ ఆ గదిది. అది దాదాపు ఎప్పుడూ ముందుగదే. ఉన్నవాడి ముందుగది. 1987లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చే వేళకు మా వీధి పిల్లలమంతా ఒక పెద్దమనిషి ఇంటి ముందుగదిలో నేలమీద కూర్చునేవాళ్లం. ఆ ఇంటివాళ్లు కుర్చీల్లో. మా తల్లులు గుమ్మం అవతల. ఆ గుమ్మం దాటి లోపలికి రమ్మని వాళ్లను ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. అనవలసిన అవసరం లేకుండానే అందరికీ తెలిసిన గీత అది.

1991లో గల్ఫ్ యుద్ధాన్ని పెద్ద హోటళ్ల డిష్షులు ప్రత్యక్షంగా చూపించాయి. అదే ఏడు స్టార్, మరుసటేడు జీ, 1995లో తెలుగులో జెమిని, ఈటీవీ. వీధిలో ఒక కుర్రవాడు మేడమీద పెద్ద డిష్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మీదుగా, పిట్టగోడల మీదుగా నల్లతీగ లాగాడు. లాన్స్‌ఫర్డ్‌లో 1950లో జరిగినదే మన పట్టణాల్లో నలభై ఏళ్ల తర్వాత జరిగింది. రాజ్యం చాలాకాలం చూస్తూ ఊరుకుంది. 1995లో కేబుల్ చట్టం వచ్చి ప్రతి ఆపరేటరూ పోస్టాఫీసులో నమోదు చేసుకోవాలంది. ఒకప్పుడు రేడియోకు లైసెన్సు రుసుం కట్టించుకున్నది కూడా పోస్టాఫీసే. అదే ఏడు ఫిబ్రవరిలో క్రికెట్ ప్రసారాల వివాదంలో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. భావప్రకటనా స్వేచ్ఛ అంటే ఎవరికివారు ప్రసార కేంద్రం పెట్టుకునే హక్కు కాదని విడిగా రాసిన తన తీర్పులో ఆయన స్పష్టంగా చెప్పారు. తీర్పులోని మొదటిమాట అందరూ చెప్పుకున్నారు. రెండోమాట వ్యాపారులకు పనికిరాదు కనుక మరుగున పడింది.

ఈ దశలో ఒక విచిత్రమైన విషయం జరిగింది. దాన్ని ఏ చరిత్రకారుడూ నమోదు చెయ్యడని నా భయం. తీగ బయటికి పెరిగింది. ఒక ఇంటికి కనెక్షన్ ఉంటే చిన్న స్ప్లిట్టరు పెట్టి గోడ మీదుగా పక్కింటికి తీగ విసిరేవాళ్లు. నెలరుసుం చెరిసగం. ఆపరేటరుకు తెలిస్తే గొడవ, తెలియకపోతే ఏళ్లు గడిచేవి. సంకేతం రెండుగా చీలితే బలం తగ్గుతుంది. బొమ్మ మీద చుక్కలు చుక్కలుగా ‘చీమలు’ పారేవి, ఒక మనిషి పక్కన ఆ మనిషి నీడ నిలబడేది. అయినా చూసేవాళ్లు. పాతకాలపు సంకేతంలో ఉన్న ఉదారగుణం అది. బలహీనపడ్డా కొంత మిగులుతుంది. ఆ కొంతను పంచుకోవచ్చు.

2012 అక్టోబరు చివరనుంచి మహానగరాల్లో, 2013లో హైదరాబాదు, విశాఖ వంటి నగరాల్లో, 2017 మార్చి దాకా మిగిలిన ఊళ్లలో అమలయిన డిజిటల్ పద్ధతి ఈ పంపకాన్ని ముగించింది. పెట్టె లేకుండా తీగ ఒక్కటే ఉంటే అందులోంచి ఏమీ రాదు. సంకేతం సరిపడా ఉంటే బొమ్మ స్వచ్ఛం, ఒక గీత దాటి తగ్గితే చీకటి. నడిమధ్య స్థితి లేదు. 2019 ఫిబ్రవరి నుంచి ఛానెలుకింత అనే లెక్క, అప్పట్లో ఏ ఛానెలూ కొనకముందే పన్నుకాక 130 రూపాయల దాకా ఉండేది. ఇంగ్లండులో ఉమ్మడి పచ్చికబయళ్లకు కంచెలు వేసిన చరిత్రను మనం పాఠంగా చదువుకున్నాం. తరంగాలకు కంచె పడ్డప్పుడు మాత్రం బొమ్మ స్పష్టంగా వస్తోందని సంతోషించాం.

ఈ కంచెకు దారి అంతకుముందే పడింది. నేరుగా ఇంటిమీదికి దిగే డీటీహెచ్ ప్రసారం మన దేశంలో 2003లో మొదలయింది. ఇంటికొక డిష్, ఇంటికొక తీగ. అక్కడినుంచి తీగ బయటికి పెరగడం ఆగి లోపలికి పెరగడం మొదలుపెట్టింది. గదిలో ఈ పక్కనుంచి ఆ పక్కకు పొడిగించే సమస్య పుట్టింది ఇక్కడే.

మాది సిరిసిల్ల ప్రాంతం. అక్కడ మగవాళ్లు సాంచల మీద, ఆడవాళ్లు బీడీల చాట ముందు. 2008లో మా ఇల్లు ఒకే పొడుగాటి గది. నడుమ పాతచీరతో కట్టిన తెర. వీధి వాకిలి పక్క టీవీ. అమ్మా, మరో ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లూ బీడీలు చేసేది వెనక వాకిలి పక్కన, వెలుతురు కోసం. టీవీని వెనక్కి మార్చమని అమ్మ అడిగితే నాన్న ఒప్పుకోలేదు. “వచ్చినోళ్లు ఏడ గూసుంటరు?” అన్నాడు. వచ్చినవాళ్లు కూర్చునే చోట టీవీ ఉండాలన్నది దూరదర్శన్ కాలపు ముందుగది సూత్రం. అది ముందుగది లేని ఇళ్లను కూడా పాలిస్తోంది. నెలరోజులు సాగిన ఆ వాదం ఎలా తేలిందో చెప్పేముందు, అమ్మ అన్న ఒక మాట రాయాలి. వెనక్కి తెచ్చినా తెరవైపు చూడ్డానికి నీకు తీరిక ఏదమ్మా అని నేనంటే, “సూసుడెందుకు బిడ్డా, ఇనబడితె సాలు” అంది.

తీగ పొడిగించింది నేనే. కంపెనీ మనిషి రావాలంటే టీవీ జరిపినందుకు వేరే రుసుం, తీగకు గజం లెక్కన వేరే ధర. వీధిలోని కరెంటు పనివాడు వచ్చి, బల్బు తీగలాగా రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుట్టి పోయాడు. తెర మీద ‘నో సిగ్నల్’. తప్పు అతనిది కాదు, తీగ స్వభావం వేరు. డిష్ నోటి దగ్గరి పరికరం పదకొండు, పన్నెండు గిగాహెర్ట్జుల తరంగాన్ని పట్టి, 950 నుంచి 2150 మెగాహెర్ట్జుల మధ్యకు దించి తీగలోకి పంపుతుంది. ఈ వేగం దగ్గర మెలిపెట్టిన అతుకు అతుకు కాదు, కన్నం. పైగా అదే తీగమీద మన పెట్టె 13 లేక 18 వోల్టుల విద్యుత్తును డిష్ దాకా పైకి పంపాలి. ఆ పరికరం బతికేది దానితోనే. పైన అల్లిన జాలీలోని ఒక్క వెంట్రుక నడిమి రాగితీగను తాకితే ఆ విద్యుత్తు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి రెండు కొసలకూ శుభ్రంగా చెక్కి కనెక్టర్లు బిగించాలి, వాటి నడుమ రెండు వైపులా మర ఉన్న జాయింటరు పెట్టాలి, గోడమూలల్లో తీగను మడత పడకుండా గుండ్రంగా తిప్పాలి. పాత కేబుల్ స్ప్లిట్టర్లు పనికిరావు. వెయ్యి మెగాహెర్ట్జులకు పైబడ్డ సంకేతాన్ని అవి సరిగా పోనివ్వవు, విద్యుత్తును చాలావరకు అసలే పోనివ్వవు. పది గజాల తీగలో పోయే బలం స్వల్పం. అతుకులో పోయేదే అంతా.

ఒక పక్కమాట. రేడియో ఇటునుంచి అటు మాట్లాడటమే కాదు, అటునుంచి ఇటు వినాలి కూడా అని బ్రెహ్ట్ 1932లో వాదించాడు. ఉపగ్రహ టెలివిజన్ తీగలో మన ఇంటినుంచి పైకి పోయేది ఆ పదమూడు వోల్టులే. ఆ కరెంటు బిల్లు కూడా మనదే.

నాన్న నైట్‌షిఫ్టులో ఉన్న వారంలో టీవీ వెనక్కి మారింది. తర్వాత ముందుకు రాలేదు. ఇంటి చరిత్రలో అది అమ్మ గెలుపు. 1987లో గుమ్మం అవతల నిలబడ్డ మనిషి 2008లో తీగను తన చాట దాకా రప్పించుకుంది. ఈ విషయాన్ని చిన్నబుచ్చే విమర్శ నాకు నచ్చదు. అయితే దీనితో విషయం అయిపోలేదు.

సాయంత్రం నుంచి వరసగా వచ్చే సీరియళ్లను మనం ఎన్నో విధాల ఎద్దేవా చేశాం. ఒక చిన్న సంగతికి మూడుసార్లు ఉరిమినట్టు చప్పుడు. జరిగిపోయినదాన్ని పాత్రలు మళ్లీమళ్లీ చెప్పుకోవడం. మనసులోని మాటను కూడా పైకి అనడం. ఇదంతా కథనశక్తి లేకపోవడమని తేల్చేశాం. కత్తెరతో తునికాకు కోసి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టే మనిషి పక్కన కూర్చుని వింటే ఈ రూపానికున్న తర్కం బోధపడుతుంది. ఆమె కళ్లు ఆకుమీద ఉన్నాయి. చప్పుడు ఆమెను తలెత్తమంటుంది. ఆమె తలెత్తి ఒక్క క్షణం చూస్తుంది, మళ్లీ దించుతుంది. తలెత్తని పది నిమిషాల్లో జరిగినది పాత్రలే చెబుతాయి. సీరియల్ పేరుకు దృశ్యరూపం. బీడీలు చేసే గదిలో అది శ్రవ్యరూపం. పనిచేస్తూ వినే కథలకు మన దగ్గర పెద్ద సంప్రదాయమే ఉంది. దంపుళ్ల పాటలు, నాట్ల పాటలు ఆ కోవకు చెందినవే. కాని అక్కడ పాడేదీ పనిచేసేదీ ఒకరే. పాట లయ పని లయనుంచి పుట్టింది, అలసటను పంచుకుంది. ఇక్కడ కథ ఎక్కడో తయారై తీగమీద దిగుతుంది, మధ్యలో సబ్బు అమ్ముతుంది.

రేమండ్ విలియమ్స్ 1974లో వెలువరించిన టెలివిజన్ గ్రంథంలో ప్రసారాన్ని విడివిడి కార్యక్రమాలుగా కాక ఒక ప్రవాహంగా చూడాలన్నాడు. ఆ సూత్రీకరణ విలువైనది. అయితే ఆయన చూసిన మనిషి ప్రధానంగా పని ముగించుకుని ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చున్న మనిషి. ఇల్లే కార్ఖానా అయిన చోట ఆ ప్రవాహం పనిలోంచే పారుతుంది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం పనిస్థలంలో రోజుకు తొమ్మిది గంటలకు మించి పనిచేయించరాదంది. ఇంట్లో చేసే పనికి గంటల లెక్క లేదు, వెయ్యికి ఇంతన్న లెక్కే. అమ్మా వాళ్లూ అంతకుముందు దీపాలు పెట్టే వేళకు చాట పక్కనపెట్టేవాళ్లు, నడుములు నొప్పెట్టి. తీగ వెనక వాకిలికి వచ్చాక ఎనిమిదిన్నరదీ, తొమ్మిదిదీ అయ్యేదాకా కూర్చునేవాళ్లు. నొప్పి తగ్గి కాదు, తెలియక. ఆ అదనపు గంటల్లో పడ్డ కట్టలు కార్ఖానాకు పోయాయి. కూలి కొంత పెరిగిన మాట నిజమే. కాని వెయ్యికి ఇచ్చే ధర పెరగకుండా, వేళ్లు ఆడే గంటలు పెరగడంవల్ల వచ్చిన కూలి అది. పనిదినం పొడిగింపు గురించి మార్క్స్ రాసిన అధ్యాయాన్ని మనం ఆర్థికశాస్త్రంగా చదువుకుంటాం. దాన్ని టెలివిజన్ విమర్శగా కూడా చదవవచ్చని నాకు ఆ గదిలో తోచింది. యజమాని ఒక్క దమ్మిడీ ఖర్చు పెట్టలేదు. డిష్ మాది, తీగ మాది, నెలరుసుం మాది.

ఇప్పుడు చాలా ఇళ్లలో గదిలో ఆ మూలకు తీగ లాగవలసిన అవసరమే తప్పిపోయింది. 2016 సెప్టెంబరు తర్వాత చవకబడిన డేటాతో సెల్‌ఫోనే చాట అంచుకు ఆని నిలబడింది. ముగ్గురు ఆడవాళ్లు ఒకచోట కూర్చుని ఒకే చప్పుడుకు తలెత్తిన గదిలో ఇప్పుడు మూడు ఫోన్లు, మూడు కథలు. ఒకామె చెవిలో వైరు. సీరియల్‌లోని అత్తను ముగ్గురూ కలిసి తిట్టుకునే మాటల్లోనే, కమీషన్‌దారు ఎన్ని బీడీలు తీసిపారేశాడో, పక్కవాడలో ఎంత ఇస్తున్నాడో కూడా దొర్లేవి. ఆ మాటలు ఇప్పుడు ఎక్కడ దొర్లుతున్నాయి?

బీడీ కార్మిక స్త్రీల మీద మనకు కథలున్నాయి, కవిత్వం ఉంది. వాటిలో తంబాకు ఘాటుంది, దగ్గుంది, కూలి కోత ఉంది. ఆ గదిలో వాళ్లు పని చేస్తున్నంతసేపూ ఏ చప్పుడు వినబడుతోందో, అది ఏ గోడ వెంట ఎవరి ఇష్టంతో అక్కడిదాకా వచ్చిందో రాసిన కథ కోసం నేనింకా వెతుకుతూనే ఉన్నాను.